పిండిపురుగులో దొరికిన జవాబు

కాన్పుల వార్డు నుంచి మా మెడిసిన్ విభాగానికి కబురొచ్చిందంటే, చాలాసార్లు అది బీపీ అయినా అయి ఉంటుంది, రక్తహీనత అయినా అయి ఉంటుంది. ఆ రోజు రక్తహీనత. పాతికేళ్ల అమ్మాయి, హిమోగ్లోబిన్ 6. మూడో కాన్పు, మూడోసారీ ఆడపిల్లే. రక్తం ఎక్కించాలి, ఇంట్లోవాళ్లు ఎవరైనా దానం చేస్తారా అని అడిగాను. మంచం పక్కనున్న అత్తగారు రక్తం సంగతి వదిలేసి, తన కోడలి కడుపే అలాంటిదని, కొడుక్కి మళ్లీ పెళ్లి చేయక తప్పదని మొదలుపెట్టింది. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది.

ఇలాంటి మాటలు విన్నప్పుడల్లా నాకు నెట్టీ స్టీవెన్స్ గుర్తొస్తారు. పుట్టేది ఆడో మగో ఎక్కడ తేలుతుందో మైక్రోస్కోపులో చూసి చెప్పిన అమెరికన్ శాస్త్రవేత్త. ఎక్స్, వై క్రోమోజోముల గురించి ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలోనే చదువుకున్నాం. ఆమె పేరు మాత్రం నేను డాక్టరయ్యాక చాలా ఏళ్లకు గానీ వినలేదు.

స్టీవెన్స్ 1861 జులై 7న వెర్మాంట్ రాష్ట్రంలోని కావెండిష్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి వడ్రంగి. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని కుటుంబాన్ని మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫర్డ్‌కు మార్చారు. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకు టీచర్ పనో, లైబ్రరీలో కొలువో తప్ప వేరే దారులు పెద్దగా లేవు. ఆమె రెండూ చేశారు. ఉపాధ్యాయ శిక్షణలో నాలుగేళ్ల కోర్సును రెండేళ్లలోనే ముగించారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, జీతంలోంచి కొంత కొంత దాచుకుంటూ పదేళ్లకు పైగా గడిపారు.

1896లో, 35 ఏళ్ల వయసులో, దేశానికి అవతలి ఒడ్డునున్న కాలిఫోర్నియాకు వెళ్లి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డిగ్రీకి చేరారు. పీహెచ్‌సీలో కొన్నేళ్లు చేసి ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి వెళ్లినవాణ్ని నేను. నాకంటే బాగా చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో తెలుసు. కానీ నేను వెళ్లింది పీజీకి, అదీ జీతంతో.

1899లో డిగ్రీ, 1900లో ఎంఏ. తర్వాత పెన్సిల్వేనియాలోని బ్రిన్‌మార్ మహిళా కళాశాలలో పరిశోధనకు చేరారు. అక్కడి ప్రొఫెసర్లలో ఒకరు థామస్ హంట్ మోర్గాన్. స్కాలర్‌షిప్ మీద ఇటలీలోని నేపుల్స్‌కు, జర్మనీలో క్రోమోజోముల మీద పనిచేస్తున్న బోవెరీ ప్రయోగశాలకు కూడా వెళ్లొచ్చారు. 1903లో పీహెచ్‌డీ వచ్చేనాటికి ఆమెకు 40 దాటాయి. మరుసటి ఏడాది కార్నెగీ సంస్థ నుంచి గ్రాంటు దొరికింది. అప్పటికి గానీ ఇంకో ఆలోచన లేకుండా పరిశోధన చేసుకునే వీలు రాలేదు.

అప్పట్లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా, పుట్టేది ఆడో మగో తల్లి తిన్న తిండిని బట్టో, వాతావరణంలోని వేడిని బట్టో తేలుతుందని నమ్మేవారు. 1891లో హెన్‌కింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక పురుగు వీర్యకణాల్లో సగంలో మాత్రమే కనిపించిన ఒక వింత ముక్కకు ఎక్స్ అని పేరు పెట్టారు. అదేమిటో తెలియక పెట్టిన పేరు అది. ఆ ముక్కకూ లింగానికీ సంబంధం ఉండొచ్చని 1902లో మెక్‌క్లంగ్ అన్నారు. కానీ అది మగను నిర్ణయిస్తుందని తిరగేసి చెప్పారు.

స్టీవెన్స్ ఎంచుకున్నది నిల్వ పిండిలో పెరిగే పిండిపురుగును. దాని కణజాలాన్ని పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ఒక్కో కణంలోని క్రోమోజోములను లెక్కపెట్టి, చేత్తో బొమ్మలు గీసుకునేవారు. ఆడ పురుగు కణాల్లో 20 పెద్ద క్రోమోజోములు కనిపించాయి. మగ పురుగులో 19 పెద్దవి, ఒకటి మరీ చిన్నది. అండాలన్నింటిలోనూ పది పెద్దవే. వీర్యకణాల్లో మాత్రం రెండు రకాలు. సగం వాటిలో పది పెద్దవి, మిగతా సగంలో తొమ్మిది పెద్దవి, ఒక చిన్నది. అంటే అండాల్లో తేడా లేదు. ఉన్న తేడా అంతా వీర్యకణంలోనే. చిన్నది మోసుకొచ్చిన వీర్యకణం అండంతో కలిస్తే మగ, లేకపోతే ఆడ.

ఇది 1905 నాటి మాట. ఆ చిన్న ముక్కే ఇవాళ మనం వై అంటున్న క్రోమోజోము. అదే ఏడాది కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్మండ్ విల్సన్ కూడా విడిగా ఇలాంటి నిర్ణయానికే వచ్చారు. పుస్తకాల్లో చాలాకాలం ఆయన పేరే ముందుండేది. స్టీవెన్స్ తేల్చి చెప్పిన విషయాన్ని మోర్గాన్ సైతం కొన్నేళ్లపాటు పూర్తిగా ఒప్పుకోలేదు. 1910లో ఈగల మీద తన సొంత ప్రయోగాల్లో తేలాక ఒప్పుకున్నారు. 1933లో నోబెల్ అందుకున్నారు.

ఆమె ఒక్క పురుగుతో ఆగలేదు. పదుల రకాల పెంకు పురుగులు, ఈగల్లో అదే లెక్క సరిచూసుకుంటూ పోయారు. చివరికి బ్రిన్‌మార్ కళాశాల ఆమె కోసం ప్రత్యేకంగా పరిశోధక ప్రొఫెసర్ పదవి ఏర్పాటు చేసింది. అందులో చేరకుండానే 1912 మే 4న, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు. 50 ఏళ్లు. కీమోథెరపీ, మామోగ్రామ్ లాంటివేవీ లేని కాలం అది. అన్నీ ఉన్న ఈ రోజుల్లోనూ, నొప్పి లేదు కదా అని రొమ్ములో గడ్డను నెలల తరబడి దాచుకుని వచ్చేవాళ్లు మా ఓపీలో కనిపిస్తూనే ఉంటారు.

ఆ వై ఎందుకంత చిన్నదన్న ప్రశ్నకు జవాబు ఆమె పోయిన చాన్నాళ్లకు వచ్చింది. ఎక్స్, వై ఒకప్పుడు ఒకే రకం జత అని, కోట్ల ఏళ్లలో వై తన జన్యువులను పోగొట్టుకుంటూ కుంచించుకుపోయిందని సుసుము ఓనో 1967లో వివరించారు. మూడేళ్ల తర్వాత జింకల్లో ఇంకో విచిత్రం బయటపడింది. కుక్కలా మొరిగే చిన్న జింక ఒకటుంది, మన తూర్పు కనుమల అడవుల్లోనూ తిరుగుతుంది. చైనాలోని దాని దగ్గరి చుట్టానికి మనలాగే 46 క్రోమోజోములు. మన మొరిగే జింకలో అవి ఒకదానికొకటి అతుక్కుపోయి, ఆడదానికి 6, మగదానికి 7 మాత్రమే మిగిలాయి. ఎక్స్ వెళ్లి ఇంకో క్రోమోజోముకు అతుక్కుంది, వై మాత్రం విడిగా ఉండిపోయింది. అందుకే మగదానికి ఒకటి ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకలోనూ ఎక్స్‌కు ఇలాంటి అతుకే ఉంది. ఇన్ని అతుకులు పడ్డా, పిండిపురుగులో స్టీవెన్స్ చూసిన లెక్క మాత్రం మారలేదు. అక్కడా పిల్ల ఆడో మగో తేల్చేది తండ్రి వీర్యకణమే. కోళ్లలో మాత్రం ఇది తల్లకిందులు, తేల్చేది పెట్ట.

మళ్లీ వార్డులోకి వస్తాను. ఆవిడకు క్రోమోజోముల గురించి చెప్పబోయి మానేశాను. ఇంట్లో పాడి ఉందా అని అడిగాను. రెండు ఆవులున్నాయంది. పశువుల ఆసుపత్రిలో పెయ్యదూడలే పుట్టే ఇంజెక్షన్ ఇస్తున్నారు కదా అంటే, కిందటేడు వేయించామని, పెయ్యే పుట్టిందని సంబరంగా చెప్పింది. ఆ ఇంజెక్షన్‌లో ఉండేది ఆబోతు వీర్యమని, ఎక్స్ ఉన్న కణాల్లో డీఎన్ఏ కాస్త ఎక్కువ కాబట్టి యంత్రంతో వాటిని ఏరి నింపుతారని, ఆవును మాత్రం ఎవరూ మార్చలేదని చెప్పాను. మనుషులకు అలా ఏరడం చట్టప్రకారం నేరమని కూడా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆవిడ తర్వాతి ప్రశ్న అదే. మరి తప్పు మా అబ్బాయిదా అని నిలదీసింది. తప్పు ఎవరిదీ కాదమ్మా, రెండు రకాల కణాలూ సగం సగం ఉంటాయి, ఏది ముందు చేరితే అది, అన్నాను.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తనకూ ముగ్గురు ఆడపిల్లల తర్వాతే ఈ కొడుకు పుట్టాడట, అప్పుడు తన అత్తగారు ఎన్ని మాటలందో చెప్పుకొచ్చింది. తర్వాత బయటికి వెళ్లి కొడుకును పిలుచుకొచ్చింది. గ్రూపు కలిసింది. సాయంత్రానికి ఒక యూనిట్ ఎక్కించాం.