జోలెలో పడ్డ ముద్ద

ఘంటసాలగారు అనగానే నాకు పాటకన్నా ముందు జోలె గుర్తొస్తుంది. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారాయన. చిన్నతనంలోనే తండ్రి సూరయ్యగారు పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న తండ్రి కోరిక తీర్చడానికి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా పుచ్చుకోకుండా చదువు చెప్పారు. తిండికి మాత్రం జోలె కట్టుకుని మధుకరానికి తిరగాల్సొచ్చింది. 1942 ఉద్యమంలో జైలుకీ వెళ్ళొచ్చారు. ఆ తర్వాతే మద్రాసు, సినిమాలు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

రష్యన్ సింఫనీలూ, పియానో కన్సర్టోలూ వాయించే కాలేజీ పిల్లలకైనా వేళకింత అన్నం పెట్టేవాళ్ళుండాలి కదండీ! ఆయనకి 1970లో వచ్చిన పద్మశ్రీలో, గుమ్మంలో ముద్ద వేసిన విజయనగరం ఇల్లాళ్ళకీ వాటా ఉందంటాను నేను.