వాడుక మాటకు పెద్దదిక్కు – గిడుగు రామమూర్తి పంతులు గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడగగానే నాకు గుర్తొచ్చిన పేరు శ్రీ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారిది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజు నాడే. ఆయన మీద నాకు గౌరవమే కాదు, ఆయనకు నేను పడ్డ బాకీ కూడా ఒకటి ఉంది. అది చివర మనవి చేస్తాను.

పంతులు గారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు సముద్దారు, అంటే రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ మీద వెళ్ళి, 1875లో విషజ్వరంతో అక్కడే కాలం చేశారు. అప్పటికి కొడుక్కి 12 ఏళ్ళు. బదిలీ అయిన ఊళ్ళో ఇంటిపెద్ద పోతే ఆ సంసారం ఏమవుతుందో మనలో కొందరికి వేరే చెప్పనక్కరలేదు. బంధువుల అండతో విజయనగరం మహారాజా వారి స్కూల్లో చదువు సాగింది. గురజాడ అప్పారావు గారు అక్కడ తోటి విద్యార్థి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతం మీద మాస్టరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఎ. పూర్తి చేశారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాషకు అప్పట్లో పుస్తకాలు లేవు. పంతులు గారు ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట మాటా అడిగి నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. జనం నోటి మాటే భాష అని వాదించిన మనిషికి చివరికి ఆ మాటే సరిగా వినపడకుండా పోయింది. అయినా పని ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది.

ఇక తెలుగు సంగతి. 1907 ప్రాంతంలో యేట్స్ దొర ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఉండేవారు. బళ్ళో చెప్పే తెలుగు ఒకటి, బజారులో వినపడే తెలుగు మరొకటి ఎందుకయిందన్నది ఆయన సందేహం. ఆ సందేహం పంతులు గారిని కదిలించింది. గురజాడ వారు, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు తోడయ్యారు. ఇంట్లో పిల్లవాడు వస్తున్నాడు అంటాడు, బళ్ళో వచ్చుచున్నాడు అని రాయాలి. ఎందుకు అని అడిగే నోటితో ఏల అనాలి. పెళ్ళి అన్న మాటను పెండ్లి అని దిద్దుకోవాలి. అర్థం ఒకటే, మాటలు రెండు. పిల్లవాడి చదువంతా ఒక మాటను ఇంకో మాటగా మార్చడంలోనే అరిగిపోతోందని పంతులు గారి బాధ.

1911లో రిటైరయ్యాక పూర్తి కాలం ఈ పనికే ఇచ్చారు. పండితులు ఊరుకోలేదు. జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు గట్టిగా ఎదిరించారు. పాఠశాలల్లో వాడుక భాషకు దొరికిన అనుమతి కూడా ఆ గొడవలో నిలబడలేదు. 1915లో గురజాడ వారు కాలం చేశాక భారం చాలావరకు ఈయన మీదే పడింది. వాడుక భాష వద్దన్న పండితుల రచనలనే తీసి, వాళ్ళ గ్రాంథికంలోని తప్పులు వాళ్ళకే చూపించారు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. సభల్లో గంటల తరబడి మాట్లాడారు.

ఒక సంగతి మరిచిపోకూడదు. పంతులు గారు పాత కావ్యాలకు శత్రువు కారు. వాటిని చదవాలి, నేర్పాలి, కానీ ఈనాటి సంగతి రాసేటప్పుడు ఈనాటి చదువుకున్నవాళ్ళ మాటలో రాయాలన్నదే ఆయన పట్టు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరిని 70 దాటిన వయసులో వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. అంతకు వారం ముందు కూడా వాడుక భాష గురించి పత్రికల వారికి విజ్ఞప్తి చేశారు.

ఇక నా బాకీ. నేను గుమస్తాగా ఉన్న రోజుల్లో తెలుగులో చిత్తు బాగా రాస్తానని పేరుండేది. ఒకసారి కుటుంబ పింఛను తీసుకునే ఒక ముసలావిడకు నోటీసు రాశాను. బతికున్నట్టు కాగితం గడువులోగా ఇవ్వకపోతే డబ్బు ఆగిపోతుందన్నది విషయం. నేను మాత్రం నిర్ణీత కాలావధి అన్నాను, సజీవ ధ్రువీకరణ అన్నాను, నిలుపుదల గావింపబడును అన్నాను. పై అధికారి మెచ్చుకుని సంతకం పెట్టారు. ఆ ఊళ్ళో చదివి పెట్టిన కుర్రాడికి అదేదో సర్కారు కాగితమని తప్ప ఇంకేమీ బోధపడలేదట. ఆవిడ దాన్ని దేవుడి పటం వెనక భద్రంగా దాచుకుంది. మూడు నెలలు పింఛను రాక, కాళ్ళీడ్చుకుంటూ ఆఫీసుకు వచ్చి ఆ కాగితం నా చేతిలోనే పెట్టింది. తప్పు తనదేనేమో అని భయపడుతూ నిలబడింది. తప్పు నాదని ఆవిడతో అనలేకపోయాను. పింఛను తిరిగి వచ్చేలా చూశాను గానీ, ఆ మూడు నెలలు ఆవిడ ఏం తిని బతికిందో అడగడానికి నోరు రాలేదు.

ఆ తరవాత రిటైరయ్యేదాకా నేను గడువు అనే రాశాను.

ఇప్పుడు మనమూ పింఛనుదారులమే, మనకూ కాగితాలు వస్తున్నాయి. వాటిని చదివి బోధపరచమని మన పిల్లలనే అడుగుతున్నాం. ఇంకా ఆఫీసుల్లో పనిచేస్తున్న మన బిడ్డలకు నాదొక విన్నపం. ఒకే అర్థానికి రెండు మాటలు ఉన్నప్పుడు, కాగితం అందుకునే మనిషి ఇంట్లో పలికే మాటే రాయండి. పంతులు గారికి మనం చేయగల తద్దినం అదే.