పండిత రమాబాయి జీవితము

చార్మినారునకు పడమటివైపున లాడ్ బజారను వీధి గలదు. అది లక్క గాజులకు పేరెన్నిక గన్నది. లక్కను బొగ్గుల కుంపటిపై వేడిచేసి, సాగదీసి, వలయముగా చుట్టి, వేడి యారకమునుపే అద్దపు పెంకులను, రంగురాళ్ళను చేతితో నొక్కి యతికింతురు. పెండ్లికూతురు మొదలు పసిపిల్ల వఱకు ఆ వీధిలో చేయి చాపని హైదరాబాదు ఆడుబిడ్డ యరుదు. మన బాలికలు ఆ గాజులను చేతులనిండ వేసికొని తరగతికి వచ్చినపుడు, చప్పుడు చేయవలదని ఉపాధ్యాయులమైన మేము కోపగింతుము గాని, లోలోపల సంతోషింపకపోము.

అయితే 130 ఏండ్ల క్రిందట మన దేశమున అగ్రవర్ణముల యిండ్లలో ఎనిమిదేండ్ల పిల్ల చేతిగాజులు ఒక్కదినమున పగులగొట్టబడుట వింత గాదు. పెండ్లి యన నేమో తెలియని వయసున పెండ్లి. భర్త మొగమైన సరిగా నెఱుగకమునుపే వైధవ్యము. అట్టి బిడ్డలకు అన్నము పెట్టి, చదువు చెప్పించుటకై సముద్రముల కావలనున్న జనులచేత ఏటేట పైకమిచ్చునట్లు మాట పుచ్చుకొన్న స్త్రీ పండిత రమాబాయి. ఈ దినములలో క్రైస్తవ ధర్మసంస్థల మూలముగా ఒక దేశపు కుటుంబము మఱియొక దేశమునందలి బీదబిడ్డను పోషించుట అందఱు నెఱిగినదే. బిడ్డ ఫొటో అక్కడికి పోవును, ఉత్తరము వచ్చును, పైకము చేరును. ఆ పద్ధతిలోని మేలును, చిక్కును గూడ ఈమె చరిత్రలో చూడనగును.

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పశ్చిమ కనుమలలోని గంగమూల యను అరణ్యప్రదేశమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. తల్లి లక్ష్మీబాయికి వివాహమైన తీరు వినదగినది. ఆమె తండ్రి యాత్రలో గోదావరి యొడ్డున ఒక యూర దిగి, ఉదయమున స్నానమునకు వచ్చిన యొక పరాయి బ్రాహ్మణుని చూచి, కులగోత్రము లడిగి, తొమ్మిదేండ్ల తన కూతునిచ్చి మఱునాడే పెండ్లి చేసి తన దారిని తాను పోయెను. అదృష్టవశమున ఆ వరుడు మంచివాడు. అతడు భార్యకు సంస్కృతము నేర్పెను. స్త్రీకి దేవభాష యేమిటని పెద్దలు తప్పుపట్టగా, ఆమెను వెంటబెట్టుకొని అడవిలో ఇల్లు కట్టుకొనెను. ఆ తల్లియే తెల్లవారుజామున కూతును లేపి శ్లోకములు వల్లె వేయించెడిది. పండ్రెండేండ్ల ప్రాయమునకే రమాబాయికి భాగవత శ్లోకములు వేలకొలది కంఠస్థములయ్యెను.

ఆ కుటుంబము తీర్థములు తిరుగుచు, దేవళములలో పురాణము చదువుచు, వినువారిచ్చినదానితో బ్రదుకుచుండెను. దక్షిణదేశమున క్షామము వచ్చినపుడు పురాణము వినువారు లేరైరి. ఉన్న పాత్రలు, నగలు అమ్ముకొని తినిరి. 1874వ సంవత్సర ప్రాంతమున వారు మన తిరుపతి కొండల చెంతకు వచ్చునప్పటికి కడపటి గింజయు నైపోయెను. పదునొకండు దినములు నీరును, ఆకులును, గుప్పెడు అడవి యీతపండ్లును ఆహారముగా గడచెను. ఇక నడవిలో చావవలసినదేయని వారు నిశ్చయించుకొనిరి. చూపు పోయిన ముసలితండ్రి జలప్రవేశము చేయనుద్యుక్తుడు కాగా, కుమారుడు శ్రీనివాసుడు అడ్డపడి, కులాభిమానమును విడిచి కూలిపని చేసెదనని చెప్పెను. అయినను తండ్రి కొలది దినములలోనే జ్వరముతో మరణించెను. కొన్ని నెలలకు తల్లియు పోయెను. పిదప అక్కయు గతించెను.

ఈ భాగమును నేను కొంచెము నిలిచి చెప్పుటకు కారణము గలదు. ఇంటిల్లపాదియు పండితులు. వారి నోట నున్న విద్యకు కొలత లేదు. కాని చేత పని యొక్కటియు లేదు; ఒకరిని యాచించుటకు అభిమాన మడ్డు. తరువాత రమాబాయి తన యాశ్రమమున చదువుతో పాటు మగ్గమును, వ్యవసాయమును, అచ్చుపనియు నేల నేర్పించెనో తెలియగోరువారు ముందు తిరుపతి యడవిని తలంపవలెను.

పిమ్మటి యేండ్లను త్వరగా చెప్పుదును. అన్నయు చెల్లెలును కాలినడకను దేశమెల్ల తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అచటి పండితులు ఆమెను పరీక్షించి పండిత యనియు, సరస్వతి యనియు బిరుదము లిచ్చిరి. 1880లో అన్న చనిపోయెను. అదే యేట ఆమె బిపిన్ బిహారీ దాసు అను న్యాయవాదిని కులాంతర వివాహము చేసికొనెను. 1881లో మనోరమ యను కుమార్తె పుట్టెను. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాచే మృతినొందెను. ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే రమాబాయి స్వయముగా విధవ యయ్యెను. పూనా చేరి ఆర్య మహిళా సమాజమును స్థాపించి, 1883లో వైద్యవిద్య నపేక్షించి ఇంగ్లండునకు పోయెను. వినికిడి తగ్గుటచే ఆ యాశ నెరవేరలేదు. ఆ సెప్టెంబరు 29వ తేదీన వాంటేజి యను పట్టణమున తల్లియు కుమార్తెయు బాప్తిస్మము పొందిరి.

1886లో ఆమె బంధువైన ఆనందీబాయి జోషి అమెరికాలో వైద్యపట్టము పుచ్చుకొను ఉత్సవమునకు ఫిలడెల్ఫియా నగరమునకు వెళ్ళెను. వెళ్ళినది పట్టము చూచుటకు. ఉన్నది రెండేండ్లకు మించి. ఆ దేశమున ఊరూర తిరిగి హిందూ బాలవితంతువుల స్థితిని చెప్పెను. 1887లో హిందూ స్త్రీల స్థితిగతులపై ఇంగ్లీషున ఒక గ్రంథము వ్రాసి, దాని విక్రయపు సొమ్మును ఈ పనికే యుంచెను. ఆ డిసెంబరులో బోస్టను నగరమున రమాబాయి సంఘము ఏర్పడెను. ఎడ్వర్డు ఎవెరెట్ హేల్ అను బోధకుడు దానికి అధ్యక్షుడు. ఊరూర చిన్న చిన్న మండలులు పుట్టెను. మండలిలో చేరినవారు ఏటికొక డాలరైనను పదియేండ్లు తప్పక ఇచ్చెదమని మాట యిచ్చిరి. ఒక్క డాలరుతో ఒక బిడ్డ యేడాది బ్రదుకదు. పలువురి డాలర్లు చేరి యొక బిడ్డ భోజనమును, గుడ్డయు, పుస్తకమును నయ్యెను. ఒకనాడు కన్నీరు కార్చి ఇచ్చి మఱచిపోవు దానముకంటె, పదియేండ్లు జ్ఞాపకముంచుకొని ఇచ్చు డాలరే మేలని ఆమె గ్రహించినట్లు తోచుచున్నది. బిడ్డ చదువు ఒక్క యేట ముగియదు గదా.

ఇట్టి పోషణ అప్పటికి క్రొత్త గాదు. 1816 మొదలు యాఫ్నాలో పనిచేసిన అమెరికను మిషనరీల బడులలో అమెరికా దాతలు తమిళ బాలబాలికలను పోషించిరి. అయితే అచట పోషించినవాని పేరు బిడ్డకు పెట్టు ఆచార ముండెను. నిన్నటి వఱకు తల్లి పెట్టిన పేరుతో తిరిగిన పిల్లవాడు, దూరపు దొర పేరుతో పిలువబడెను. దాత ప్రేమచేతనే అట్లు కోరియుండును. అయినను అన్నము పెట్టి పేరు తీసికొనుట న్యాయమని నాకు తోచదు. రమాబాయి పాఠశాల అట్టిది గాదు. బాలికల పేర్లు వారివే. వారి కులాచారము ప్రకారము వంటయు, భోజనమును జరుగుచుండెను. మతవిషయమున బలవంతము చేయరాదని సంఘము నియమము పెట్టెను.

ఆ పాఠశాల శారదా సదనము. 1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో తెరవబడి, 1890లో పూనాకు మార్చబడెను. మొదట చేరినవారిలో గోదూబాయి యను బాలవితంతు వొకతె. 1893లో ధోండో కేశవ కర్వే యను పూనా కళాశాల ఉపాధ్యాయుడు ఆమెను పునర్వివాహమాడెను. పగిలిన గాజుల చేయి మరల గాజులు తొడిగినది. కొలది యేండ్లకు ఆ కర్వే తానును వితంతువులకు ఒక యాశ్రమమును స్థాపించెను. బోస్టను డాలరు పూనా హిందువుల ఇంట ఇట్లు వడ్డీతో ఫలించెను.

ఆ 1893లోనే తుపాను రేగెను. రమాబాయి తన గదిలో తలుపు తెఱచియుంచి ప్రార్థన చేసికొనునది. కొందఱు బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. కేసరి పత్రికలో తిలకు తీవ్రముగా వ్రాసెను. సలహా సంఘమునందున్న రానడే, భండార్కరు మొదలగు పెద్దలు తొలగిరి. అనేకులు తమ బిడ్డలను తీసికొనిపోయిరి. ఇంకొకవైపున, క్రైస్తవురాలై యుండి మతము బోధింపదేమని మిషనరీలు కొందఱు మునుపే ఆమెను నిందించుచుండిరి. రెండు వైపుల దెబ్బలు! సంఘము బోస్టను నుండి శ్రీమతి ఆండ్రూస్ అను నామెను పంపి విచారింపగా, ఆమె రమాబాయి పక్షముననే నిలిచెను. తలుపు మూయుట రమాబాయికి సులువే. ఆమె మూయలేదు. బలవంతము లేదు గావున తప్పు లేదనుట ఆమె వాదము. అయినను పెద్దల భయము వట్టిదని నే ననను. ఆకలిగొన్న బిడ్డ తనకు అన్నము పెట్టు చేతివైపే చూచును. ఆ చూపులో స్వేచ్ఛ ఎంత, కృతజ్ఞత ఎంత యని తూచుట కష్టము. కొలది యేండ్లకే కొందఱు బాలికలు బాప్తిస్మము పొందిరి. 1898లో పదియేండ్ల గడువు తీరి సంఘము మరల ఏర్పడిన పిదప ఆమె పని బాహాటముగా క్రైస్తవమై సాగెను.

అంతలో క్షామము మరల వచ్చెను. 1896–97లో మధ్యపరగణాలు ఎండిపోగా రమాబాయి తానే అచటికి పోయి, తిరుపతి యడవిలో తాను చూచిన మొగములనే మరల చూచెను. సుమారు 300 మంది బాలికలను తోడ్కొనివచ్చెను. పూనాలో ప్లేగు ప్రబలియుండుటచే వారి నచట నుంచుటకు వీలులేక, కేడగాం కడ మునుపే కొనియున్న పొలములో పాకలు వేయించెను. అదియే ముక్తి. 1899–1900 నాటి క్షామములో గుజరాతు నుండి మఱియు ననేకులు వచ్చిరి. 1900 నాటికి అచట 1,500 మంది యుండిరి. వారందఱకు దినమునకు ఎన్ని రొట్టెలో, ఎంత పప్పో గృహిణులైన తల్లులు లెక్కవేసికొందురు గాక.

ఇంతమందిని ఒక్క సంఘము మోయజాలదు. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశముల నుండి కానుకలు వచ్చెను. వచ్చినదానితో బాలికలు తిని కూర్చుండలేదు. నేత నేసిరి, పొలము దున్నిరి, పాడి చూచిరి, అచ్చుకూటమును నడపిరి. మనోరమ అమెరికాలో నేర్చిన బ్రెయిలు లిపిని అంధులైన స్త్రీలకు నేర్పెను. అప్పటి మన నిజాం రాజ్యములోని గుల్బర్గాలో 1912లో తల్లీకుమార్తెలు ఒక పాఠశాలను నెలకొల్పగా మనోరమయే దానికి ప్రధానోపాధ్యాయినిగా నుండెను.

ఒక బిడ్డకు ఒక దాత యను నేటి పద్ధతి దేశదేశముల వ్యాపించినది తరువాతి కాలమున. 1919లో లండనున ఎగ్లాంటైన్ జెబ్ మొదలుపెట్టిన బాలరక్షణ నిధియు, 1938లో అమెరికాలో చీనా బిడ్డలకై పుట్టిన నిధియు దానిని పెంచినవి.

రమాబాయి కడపటి యేండ్లు బైబిలును సులభమైన మరాఠీలోనికి మార్చుటలో గడచెను. అందుకై హీబ్రూ, గ్రీకు భాషలను నేర్చెను. 1921 జూలైలో మనోరమ చనిపోయెను. 1922 ఏప్రిల్ 5వ తేదీన తల్లియు కన్ను మూసెను. ఒకనాడు అక్షరమైన నెఱుగక కరవున వచ్చిన స్త్రీలే సీసపు అక్షరముల నేర్చి కూర్చుచుండగా, ఆ గ్రంథము ముక్తి అచ్చుకూటమున 1924లో పూర్తిగా వెలువడెను.