రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్

రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ (మార్చి 4, 1863 - ఆగష్టు 9, 1947) ప్రసిద్ధ బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త. సాలెపురుగులు, తేళ్ళు, జెర్రుల వర్గీకరణలో విశేష కృషి చేశాడు. గుత్తి పేరుతో ప్రసిద్ధి చెందిన నీలిరంగు సాలెపురుగుకు శాస్త్రీయ నామం పెట్టినది ఈయనే.

జీవిత విశేషాలు

పోకాక్ ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరంలో, క్లిఫ్టన్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి నికోలస్ పోకాక్ క్రైస్తవ మతాచార్యుడు. బ్రిస్టల్ యూనివర్సిటీ కళాశాలలో చదివి, 1885లో లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో సహాయకునిగా చేరాడు. కొంతకాలానికి సాలెపురుగులు, తేళ్ళు, రోకలిబండల సేకరణల బాధ్యత ఈయనకు అప్పగించారు. 1904 నుండి 1923 వరకు లండన్ జంతు ప్రదర్శనశాల పర్యవేక్షకునిగా పనిచేశాడు. 1911లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. పదవీ విరమణ తరువాత మ్యూజియంలో స్వచ్ఛందంగా క్షీరదాలపై పరిశోధన కొనసాగించాడు.

గుత్తి సాలెపురుగు

అనంతపురం జిల్లా గుత్తిలోని రైల్వే కలప నిల్వ స్థలంలో దొరికిన ఒకే ఒక నమూనా ఆధారంగా, 1899లో పోకాక్ ఈ జాతిని వర్ణించి పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. లోహపు మెరుపును సూచించే పేరు ఇది. ఈ ప్రజాతిలోని జాతులను వేరుచేయడానికి కాళ్ళ అడుగు భాగాన ఉండే పట్టెల అమరిక ముఖ్యమైన ఆధారం. 1900లో బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో సాలెపురుగులు, తేళ్ళపై ఈయన రచించిన సంపుటం వెలువడింది.

అయితే ఈ సాలెపురుగు స్వస్థలం గుత్తి కాదు. అడవి కలపతో పాటు రైలులో అక్కడికి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 102 సంవత్సరాల తరువాత, 2001లో, గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో చెట్ల తొర్రలలో ఇది మళ్ళీ కనిపించింది. పల్నాడు వరకు వ్యాపించిన నల్లమల అడవులలోనిదే ఈ ప్రాంతం. ఊరి పేరు దారి తప్పించినా, పోకాక్ వ్రాసిన వర్ణన ఆ జీవిని గుర్తించడానికి ఆధారమైంది.

శిలాజాల అధ్యయనం

బ్రిటన్ బొగ్గు పొరలలో లభించిన, సుమారు 30 కోట్ల సంవత్సరాల నాటి సాలెపురుగు వర్గపు శిలాజాలపై ఈయన గ్రంథం 1911లో ప్రచురితమైంది. సజీవ జాతులను పరిశీలించిన అనుభవం ఈయనకు ఈ కృషిలో తోడ్పడింది.

ప్రాముఖ్యత

అడవుల నరికివేత, పెంపకం కోసం జరిగే అక్రమ సేకరణల వలన గుత్తి సాలెపురుగు మనుగడ ప్రమాదంలో పడింది. 2008లో దీనిని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు. 2019లో ఈ ప్రజాతి అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ విధించారు. ఒక జీవికి నిర్దిష్టమైన పేరు, వర్ణన ఉంటేనే దానికి చట్టపరమైన రక్షణ కల్పించడం సాధ్యమవుతుంది. పోకాక్ కృషికి నేటికీ గల విలువ ఇదే.