సరిచూడటం చిన్న పని కాదు



సాఫ్ట్‌వేర్‌లో మాన్యువల్ టెస్టింగ్ అంటే కోడింగ్ రానివాళ్ల పని అని చాలామంది అనుకుంటారు. మన గద్వాల ప్రాంతపు పెద్దాయన సురవరం ప్రతాపరెడ్డి గారి జీవితం తెలుసుకుంటే మీ పిల్లలకు ఆ పని విలువ చెప్పగలుగుతారు.

ఆయన 1896లో పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. మద్రాసులో చదివి, న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రిక ప్రారంభించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం పాలనలో తెలుగు పత్రిక నడపడం తేలిక కాదు. వార్తలు రాయడం నుంచి ప్రూఫులు దిద్దడం దాకా అన్నీ ఆయనే చూసుకున్న రోజులున్నాయి. అచ్చుయంత్రం తప్పునూ ఒప్పునూ ఒకేలా అచ్చేస్తుంది. తప్పు పట్టుకునేది మనిషి కన్నే.

అప్పట్లో తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒక మాట వచ్చింది. ప్రతాపరెడ్డి గారు ఆ మాటను పరీక్షకు పెట్టారు. ఊళ్ల నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడింది. ఆ మాట వీగిపోయింది.

మాన్యువల్ టెస్టర్ కూడా యాప్ బాగుందన్న మాటను అలాగే పరీక్షిస్తారు. మనం వాడినట్టే వాడి చూస్తారు. ఫీజు కడుతుండగా నెట్ పోతే ఏమవుతుంది? బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోతుందా? తెలుగులో పేరు రాస్తే ఒత్తులు సరిగా పడుతున్నాయా? ఆటోమేషన్ ఒకే పరీక్షను వేలసార్లు అలసట లేకుండా చేస్తుంది. కానీ చూడమన్నదే చూస్తుంది. ఎవరూ ఊహించని తప్పు మనిషి కంటికే తగులుతుంది. అందుకే మంచి కంపెనీలు రెండింటినీ వాడుకుంటాయి.

ప్రతాపరెడ్డి గారు 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికై, 1953లో కన్నుమూశారు. మామూలు జనం తిండి, బట్ట, ఆటపాటలను పాత కావ్యాల్లో వెతికి ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న మొదటి పుస్తకం అదే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తల్లిదండ్రులకు ఈ నెల ఒక చిన్న పని. మీ బాబు గానీ పాప గానీ లెక్క చేసి చూపిస్తే వెంటనే తప్పో ఒప్పో చెప్పకండి. ఎలా సరిచూశావని అడగండి. రోజూ అడిగితే ఆ అలవాటు వాళ్లకే వస్తుంది.