శలభాల రాత్రి: హెన్రీ ఫాబ్రే జీవితం

దీపం చుట్టూ తిరిగి మాడిపోయే శలభాన్ని ఉర్దూ కవులు పర్వానా అని పిలిచి ప్రేమకు ప్రతీకగా నిలిపారు. మన తెలుగు కవులు దానినే అవివేకానికి దృష్టాంతంగా చూపారు. కాని ఆ జీవి పేరేమి, ఏ చెట్టుపై పెరిగింది, దేనికై వచ్చింది అని అడిగినవారు అరుదు. అలా అడిగిన ఒక పేద ఉపాధ్యాయుని జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచదలచాము.

హెన్రీ ఫాబ్రే 1823 డిసెంబరు 21న దక్షిణ ఫ్రాన్సులోని ఒక కుగ్రామంలో, నిరుపేద కుటుంబంలో జన్మించారు. పేదరికం వల్ల చదువుకు ఆటంకాలు కలిగినా, పోటీ పరీక్షలో నెగ్గి విద్యార్థి వేతనంతో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. ఇరవై ఏళ్లు నిండకముందే బడిపంతులయ్యారు. గణితం, భౌతిక, జీవశాస్త్రాలను స్వయంకృషితో అభ్యసించి పట్టాలు సంపాదించారు. 1853 నుండి ఆవిన్యోన్ నగరంలో అధ్యాపకులుగా పనిచేశారు.

ఆ నగరంలో ఆయన సాయంకాలపు ఉచిత తరగతులలో విజ్ఞానశాస్త్రం బోధించారు. ఆ తరగతులకు యువతులు కూడా వచ్చారు. పువ్వు కాయగా మారే విధానాన్ని ఆడపిల్లలకు చెప్పడం కొందరు ఛాందసులకు మహాపరాధంగా తోచింది. నిందలు పెరిగాయి. 1870 ప్రాంతంలో ఆయన ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. అద్దె ఇల్లు సైతం ఖాళీ చేయవలసి వచ్చింది. భార్యాబిడ్డలతో దిక్కుతోచని ఆ వేళ, ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 3,000 ఫ్రాంకులు అప్పుగా ఇచ్చి ఆదుకొన్నారు. ఫాబ్రే ఆ ఋణాన్ని తీర్చివేశారు. ఆపైన ఆరెంజ్ పట్టణంలో పాఠ్యపుస్తకాలు వ్రాసి కుటుంబాన్ని పోషించారు. 1877లో తన పరిశోధనలకు చేదోడుగా ఉండిన కుమారుడు జూల్ చిన్న వయసులోనే మరణించాడు. ఆ పుత్రశోకంలో ఆయన కొన్ని కందిరీగల జాతులకు ఆ బాలుని పేరే పెట్టుకొన్నారు.

1879లో సెరిన్యాన్ గ్రామంలో రాళ్లతో నిండిన ఒక బీడునేలను, ఇంటిని కొన్నారు. అదే ఆయన ప్రయోగశాల.

ఒక మే నెల ఉదయాన ఆయన బల్లపై ఒక పట్టుగూడు నుండి పెద్ద ఆడ శలభం వెలువడింది. గోధుమవన్నె రెక్కలపై నెమలి పింఛంలోని కన్నులవంటి మచ్చలను బట్టి దానికి పెద్ద నెమలి శలభం అని పేరు. యూరపులోని శలభాలలో ఇదే అతి పెద్దది. మన అడవులలో మద్ది చెట్లపై పెరిగే దసలి పట్టుపురుగు కూడా ఈ కుటుంబానిదే. ఫాబ్రే దానిని తీగవల మూత కింద ఉంచారు. రాత్రి తొమ్మిది గంటల వేళ చిన్న కుమారుడు పాల్ కేకలు వేస్తూ తండ్రిని పిలిచాడు. చూస్తే ఇల్లంతా శలభమయం! వంటింట్లో, పడకగదులలో, ప్రయోగశాలలో దాదాపు 40 మగ శలభాలు. ఆ ప్రాంతంలో ఈ జాతి అరుదు; దూరం నుండి, చీకటిలో, చెట్ల మధ్యగా అవి వచ్చాయి. ఎవరు పిలిచారు?

ఈ ప్రశ్న వెంట ఆయన కొన్నేళ్లు తిరిగారు. దీపం కోసం అవి రాలేదు. పైగా దీపపు వెలుగు వాటికి దారి తప్పించింది. మగవాటి స్పర్శశృంగాలు కత్తిరించి చూశారు. వాటి ఆయువే కొద్ది రోజులు గనుక ఫలితం తేలలేదు. తేలలేదనే నిజాయితీగా వ్రాశారు. ఆడ శలభాన్ని గాలి చొరని గాజుమూతలో ఉంచితే ఒక్కటీ రాలేదు. తీగవలలో ఉంచితే వచ్చాయి. పక్కన కలరా ఉండల ఘాటు నింపినా వచ్చాయి. మరొక జాతిపై ప్రయోగించగా, గాజులో కంటికి కనబడే ఆడదానిని వదలి, అది అంతకుముందు కూర్చున్న ఖాళీ చోటుకే మగవి మూగాయి. మన ముక్కుకందని ఏదో పరిమళం ఉన్నదని ఆయన గ్రహించారు. 1959లో జర్మను శాస్త్రజ్ఞుడు బుటెనాంట్ సుమారు 5 లక్షల పట్టుపురుగు ఆడ శలభాల నుండి అట్టి పదార్థాన్ని వేరుచేసి, దాని స్వరూపాన్ని నిర్ణయించారు.

ఫాబ్రే అన్నిటా సరియైనవారు కారు. పరిణామ సిద్ధాంతాన్ని ఆయన అంగీకరించలేదు. అయినా డార్విన్ ఆయన పరిశీలనాశక్తిని తన గ్రంథంలో ప్రశంసించారు; ఆయన కూడా డార్విన్‌ను గౌరవించారు. అభిప్రాయభేదం వైరం కానక్కరలేదని దీనివల్ల తెలుస్తున్నది. తన పరిశీలనలను 10 సంపుటాలుగా వెలువరించి, 1915 అక్టోబరు 11న, 91వ ఏట, ఆ ఇంటిలోనే కన్నుమూశారు. ఆ ఇల్లు నేడు ప్రదర్శనశాల.

కొలువు పోయినా ఆయన ప్రశ్న పోలేదు. విలువైన యంత్రాలు లేకున్నా వల, గాజుమూత, ఓపిక ఉన్నాయి. మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు ఈ వసంతంలో తమ ఇంటి దీపం వద్ద వాలిన శలభాన్ని చీపురుతో కొట్టకముందు ఒక్క క్షణం ఆగుదురు గాక. తేదీ, వేళ, రెక్కల మచ్చలు, దాపున ఉన్న మొక్క, వీటిని ఒక కాగితంపై గుర్తించుకొందురు గాక. పర్వానాను ప్రేమించడం మన కవులు నేర్పారు. దానిని ఎరుగుట ఎట్లో ఈ ఉపాధ్యాయుడు నేర్పారు. ఆ రెండూ మనకు కావలసినవే.