హెన్రియెట్టా లాక్స్: అడగకుండా తీసుకున్న కణాలు

బయోటెక్నాలజీ, ఫార్మసీ చదివే మన విద్యార్థులకు హీలా కణాల పేరు తెలుసు. కేన్సర్ మందు ఏదైనా మనిషి కణాల మీద ఎలా పనిచేస్తుందో చూడాలంటే ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వాడే కణాల్లో అవి ఒకటి. ఒక నల్లజాతి మహిళ పేరులోని, ఇంటిపేరులోని మొదటి అక్షరాలు కలిపి ఆ కణాలకు ఆ పేరు పెట్టారు. ఆమె హెన్రియెట్టా లాక్స్. కణాల గురించి పాఠాలు చెప్పే చోట ఆమె బతుకు గురించి కూడా చెప్పాలని మేం అనుకుంటున్నాం.

1920 ఆగస్టు 1న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, రోనోక్‌లో ఆమె పుట్టారు. మొదట పెట్టిన పేరు లొరెట్టా ప్లెజెంట్. నాలుగేళ్ల వయసులో తల్లి పదో కాన్పులో చనిపోయింది. అంతమందిని ఒక్కడే సాకలేక తండ్రి పిల్లలను క్లోవర్ అనే ఊళ్లోని బంధువుల ఇళ్లకు పంచాడు. హెన్రియెట్టా తాత దగ్గరికి చేరారు. తాత ఉన్న కర్రల ఇల్లు ఒకప్పుడు బానిసలను ఉంచిన ఇల్లు. పూర్వీకులు బానిసలుగా చెమటోడ్చిన పొగాకు చేలల్లోనే ఆమె కూడా చిన్నప్పటి నుంచీ పనిచేశారు. తెల్లపిల్లల బడి దాటుకుని నల్లపిల్లల బడికి నడిచి వెళ్లేవారు. ఆరో తరగతితో ఆ చదువూ ఆగిపోయింది. పద్నాలుగేళ్లకే తల్లయ్యారు. 1941లో తాత ఇంట్లోనే తనతో పెరిగిన బంధువు డే లాక్స్‌ను పెళ్లి చేసుకున్నారు. యుద్ధకాలంలో ఉక్కు ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందని ఆ కుటుంబం బాల్టిమోర్ దగ్గర నల్లజాతి కార్మికులుండే టర్నర్ స్టేషన్ వాడకు వచ్చింది. వాళ్లకు ఐదుగురు పిల్లలు.

చివరి బిడ్డ పుట్టిన కొద్ది నెలలకు రక్తస్రావం మొదలైంది. 1951 జనవరి 29న ఆమె జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రికి వెళ్లారు. ఆ ప్రాంతంలో నల్లజాతి పేదలకు వైద్యం చేసే పెద్ద ఆస్పత్రి అదొక్కటే. అక్కడా నల్లవాళ్ల వార్డులు వేరు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ అని తేలింది. అప్పట్లో దానికి రేడియంతో చికిత్స చేసేవాళ్లు. మొదటి చికిత్సప్పుడు ఆమె మత్తులో ఉండగా కణితి నుంచి ఒక చిన్న ముక్క, పక్కనున్న మంచి భాగం నుంచి మరో ముక్క కోసి పరిశోధనకు పంపారు. ఆమె సంతకం పెట్టింది చికిత్స కోసం. పరిశోధనకు ముక్క తీసుకుంటామని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఉచితంగా వైద్యం పొందేవాళ్లను పరిశోధనకు వాడుకుంటే తప్పులేదని ఆనాటి డాక్టర్లలో చాలామంది అనుకునేవాళ్లు. తెల్లజాతి రోగుల నుంచి కూడా అడగకుండానే తీసుకునేవాళ్లన్నది నిజమే. కానీ ధర్మవార్డుల మీదే ఆధారపడాల్సిన స్థితిలో ఎవరున్నారో చూస్తే ఆ అలవాటు భారం ఎవరి మీద పడిందో తెలుస్తుంది.

ఆ ముక్కలు జార్జ్ గై ప్రయోగశాలకు చేరాయి. మనిషి కణాలను శరీరం బయట పెంచాలని ఆయన ఎన్నో ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. అన్నీ కొద్ది రోజుల్లోనే చనిపోయేవి. హెన్రియెట్టా కేన్సర్ కణాలు మాత్రం దాదాపు రోజుకోసారి రెట్టింపయ్యాయి. గై వాటిని అడిగిన శాస్త్రవేత్తలకు ఉచితంగానే పంచారు. తర్వాత కంపెనీలు వాటిని పెంచి అమ్ముకున్నాయి. ఆమె మాత్రం 1951 అక్టోబర్ 4న, 31 ఏళ్లకే, భరించలేని నొప్పితో కన్నుమూశారు. క్లోవర్‌లో పేరు చెక్కిన రాయి కూడా లేకుండా పూడ్చిపెట్టారు. ఆ కణాలు హెలెన్ లేన్ అనే మహిళవని పత్రికల్లో వచ్చింది. అసలు పేరు ఏళ్ల తరబడి మరుగున పడింది.

1953 నుంచి పోలియో టీకా పరీక్షల కోసం ఆ కణాలను పెద్ద ఎత్తున పెంచింది నల్లజాతి విద్యాసంస్థ టస్కెగీలో. నల్లజాతి శాస్త్రవేత్తలు, సాంకేతిక సిబ్బంది ఆ పని చేశారు. అదే టస్కెగీలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ సోకిన వందలమంది నల్లజాతి పురుషులకు సరైన వైద్యం అందకుండా చేసి, జబ్బు ఎలా ముదురుతుందో గమనిస్తూ కూర్చుంది.

ఆ కణాలు బతికే ఉన్నాయని లాక్స్ కుటుంబానికి తెలిసింది దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత. 1973లో పరిశోధకులు పిల్లల రక్తం తీసుకున్నారు. తమకు కేన్సర్ ఉందేమో చూస్తున్నారని వాళ్లు అనుకున్నారు. తల్లి కణాలతో మందులు తయారవుతున్నా వాళ్లలో కొందరికి ఆరోగ్య బీమా కూడా లేదు. సమాధి మీద రాయి 2010లో వచ్చింది. 2013లో ఆ కణాల జన్యు సమాచారాన్ని కుటుంబాన్ని అడగకుండానే బయటపెడితే గొడవైంది. ఆ తర్వాతే దాన్ని ఎవరికివ్వాలో నిర్ణయించే కమిటీలో కుటుంబ సభ్యులకు చోటు దక్కింది. కణాలతో లాభపడిందంటూ తాము దావా వేసిన ఒక కంపెనీతో 2023లో కుటుంబం రాజీ కుదుర్చుకుంది.

ఈ కథ మన దాకా కూడా వచ్చింది. ఆమె కేన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ-18 రకం వైరస్‌ను 1980ల్లో హరాల్డ్ జుర్ హౌజెన్ బృందం గుర్తించింది. హీలా కణాల్లోనూ అది కనిపించింది. హెచ్‌పీవీ టీకాకు ఆ పరిశోధనే పునాది. 2009లో ఆ టీకాను ఒక అధ్యయనం కింద ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు ఎందరో. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. అనుమతి తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో చనిపోతున్న మన పేద స్త్రీలకు అది అందాలనే మేం అడుగుతాం. అయితే మంచి చేస్తున్నామన్న మాట చాటున అడగడం మానేస్తే ఒప్పుకోం. ఇవాళ మన పిల్లలు ఫార్మ్-డీ విద్యార్థులుగా ప్రభుత్వాస్పత్రి వార్డుల్లోకి, పరిశోధకులుగా ప్రయోగశాలల్లోకి వెళ్తున్నారు. రేపు అనుమతి పత్రం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. మంచం మీదున్న మనిషికి అర్థమయ్యే భాషలో అది చదివి వినిపించండి. వద్దనే హక్కు ఉందని, వద్దన్నా వైద్యం ఆగదని చెప్పండి. 1951లో హెన్రియెట్టాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.